మా గ్రౌండ్‌లో ఎవరి పూట వాళ్ళది

కొత్తపేట పండ్ల మార్కెట్‌కు మామిడి లారీలు బారులు తీరే కాలంలోనే మా గ్రౌండ్‌కు కొత్త పిల్లలు వచ్చేవాళ్ళు. ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులు ఇవ్వగానే గేటుకు వేసవి శిబిరం బ్యానరు కట్టేవాళ్ళు. గాలి అటు నుంచి తిరిగిందంటే మాగిన మామిడి వాసన, వరిగడ్డి వాసన కలిసి లాంగ్‌జంప్ పిట్ దాకా వచ్చేవి. రెండు గదుల ఇంట్లో మా అల్లరి భరించలేక అమ్మ నన్నూ తమ్ముణ్ణీ అక్కడ చేర్పించింది. తమ్ముడు నెల తిరక్కుండా మానేశాడు. నేను డిగ్రీ అయ్యేదాకా ఆ మట్టిని వదల్లేదు.

సరూర్‌నగర్ అనగానే అందరికీ ఇండోర్ స్టేడియం గుర్తొస్తుంది. నేను చెబుతున్నది దాని సంగతి కాదు. దానికి కొంత దూరంలో, చెరువు వైపు దిగే సందుల మధ్య ఉన్న మునిసిపాలిటీ ఆటస్థలం సంగతి. బోర్డు మీద స్పోర్ట్స్ కాంప్లెక్స్ అని రాసి ఉండేది. నడిమధ్యన మట్టి మైదానం. రేకుల కప్పు ఉన్న హాల్లో రెండు షటిల్ కోర్టులు. హాలుకు ఆనుకుని బరువులెత్తే గది. తూర్పు గోడవారగా బాల్ బ్యాడ్మింటన్ కోర్టు, వేపచెట్ల కింద వాలీబాల్ కోర్టు. ఇంతే. ఇంత చిన్న స్థలంలో అరడజను క్లబ్బులు బతికాయి. ఒకదానికీ సొంత గది లేదు. ఉన్నదల్లా ఒక ట్రంకుపెట్టె, ఒక నెట్టు, ఒక రిజిస్టరు, ఒక పూట.

ఆ పూటల గురించే ఇదంతా రాస్తున్నాను. పొద్దున అయిదింటికి ఎవరు, ఏడింటికి ఎవరు, సాయంత్రం దీపాలు వెలిగే వేళకు ఎవరు అన్నది ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా అందరికీ తెలుసు.

తెల్లారకముందే వచ్చేది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు. నల్లగొండ, ఖమ్మం, పాలమూరు నుంచి వచ్చి కోచింగ్ సెంటర్లలో చదువుకుంటూ కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్ళు. 800 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, ఇవే వాళ్ళ లోకం. చాలామందికి బూట్లు ఉండేవి కావు. పరుగు అయ్యాక వేపచెట్టు కింద కూర్చుని కరెంట్ అఫైర్స్ ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్ళు. నోటిఫికేషన్ పడ్డ ఏడు గ్రౌండ్ నిండిపోయేది, పడని ఏడు పలచబడేది. ఎంపికైనవాళ్ళు మిఠాయి డబ్బాతో వచ్చి వాచ్‌మన్ తాత కాళ్ళకు మొక్కడం నేను కళ్ళారా చూశాను.

వాళ్ళ వెనకాలే బాల్ బ్యాడ్మింటన్ పెద్దమనుషులు వచ్చేవాళ్ళు. ఈ ఆట ఇప్పటి పిల్లలకు తెలియదు గనుక కొంచెం చెప్పాలి. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. బంతి పసుపుపచ్చ ఊలుతో చుట్టింది, గుప్పిట్లో పట్టేంత. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. బంతి నేల తాకకూడదు. అప్పట్లో గేముకు 29 పాయింట్లు. ఊలు బంతికి గాలి పడదు, అందుకే పొద్దున్నే ఆట. మంచు కురిసిన రోజుల్లో బంతి చెమ్మ పట్టి బరువెక్కేది. దాన్ని తువ్వాలులో ఒత్తి, చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేవాళ్ళు. ఒకాయన బ్యాంకులో క్యాషియరు, ఒకాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్, ఒకాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. కోర్టులోకి దిగాక హోదాలేమీ ఉండవు. "వదిలెయ్, వదిలెయ్, అవుట్!" అని లైన్‌మన్ అరిస్తే క్యాషియరు రాకెట్ దించాల్సిందే. అంతమంది నడివయసు మగవాళ్ళు అంత హాయిగా నవ్వడం నేను మరెక్కడా చూడలేదు. ఎనిమిది కొట్టేసరికి నెట్టు విప్పి, మడత పెట్టి, కోర్టు మీద చీపురు తిప్పి, లంచ్ డబ్బాలు స్కూటర్లకు తగిలించుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరింటి దాకా మాది. ఖో-ఖో అమ్మాయిలది.

మా సార్ ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీ. బడి అయిపోగానే సైకిలు మీద నేరుగా గ్రౌండ్‌కు వచ్చేవారు. ఆయనకు ఈ క్లబ్బు నుంచి పైసా రాదు. పైగా బంగాళాదుంప బోండాలు, మ్యాచ్ రోజుల్లో గ్లూకోజు, ఆడపిల్లలకు బస్సు చార్జీలు ఆయన జేబులోంచే. "బిడ్డా, కూసున్నప్పుడే ఆట. ఉరికేది చివరికి" అనేవారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఖో-ఖోలో ఎనిమిది మంది నడిమి పట్టీలో, 30 సెంటీమీటర్ల గడుల్లో, ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. ఆమె నడిమి పట్టీ దాటకూడదు, ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు. తిరగాలంటే పట్టీ చివరనున్న పోల్ దాకా పోవాలి, లేదా కూర్చున్నదాని వీపు తట్టి "ఖో" అని తరిమే పని దానికి అప్పగించాలి. తట్టడమూ అనడమూ ఒక్కసారే జరగాలి. ముందు అన్నా, వెనక అన్నా విజిల్ పడుతుంది. కూర్చున్న అమ్మాయి మడమలు లేపి, వేళ్ళ మీద బరువంతా పెట్టి, తన వెనక ఏం జరుగుతోందో చెవులతో వింటూ ఉంటుంది. మట్టిలో అడుగుల చప్పుడును బట్టి రన్నరు, అంటే తప్పించుకుని పరిగెత్తే అవతలి జట్టు అమ్మాయి, ఎటు వంగిందో మాకు తెలిసిపోయేది.

రన్నర్లు ముగ్గురు ముగ్గురుగా లోపలికి దిగుతారు. ఒక జట్టు తరిమే వంతు, అంటే టర్న్, 9 నిమిషాలు. మా బ్యాచ్‌లో సన్నగా, పొట్టిగా ఒక అమ్మాయి ఉండేది. గొలుసు కట్టినట్టు మెలికలు తిరుగుతూ కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయేది. దాన్ని పట్టాలంటే పోల్ డైవ్ ఒక్కటే దారి. నాలుగడుగుల చెక్క పోల్‌ను ఒక చేత్తో వాటేసుకుని, ఒళ్ళంతా నేలకు సమంగా చాచి, రెండో చెయ్యి ముందుకు విసరాలి. మోచేతులు, మోకాళ్ళు దోక్కుపోయేవి. ఇంటికెళ్ళి అమ్మకు కనపడకుండా పసుపు అద్దుకునేదాన్ని. ఇప్పటికీ నా ఎడమ మోచేతి మీద ఆ మచ్చ ఉంది. నాకు అది ఇష్టం.

మట్టి సంగతి చెప్పకపోతే ఏం చెప్పినట్టు! పోల్ డైవ్ చేసే చోట రాయి ఉంటే పక్కటెముకలు పోతాయి. అందుకని ప్రతి ఆదివారం ఎర్రమట్టి జల్లెడ పట్టేవాళ్ళం. రాళ్ళు ఏరడం చిన్నపిల్లల పని, నీళ్ళు చల్లడం పెద్దవాళ్ళ పని, సున్నంతో గీతలు గీయడం సీనియర్ల పని. గీత గీసే రోజు వచ్చిందంటే పైతరగతికి వెళ్ళినంత గౌరవం. మాకు ఆరింటికి ఆట ముగుస్తుంది. ఆ వెంటనే ఇంటికి పోవడానికి లేదు. అదే నేల మీదికి కబడ్డీ వాళ్ళు రావాలి. మేము తవ్వి పోసిన గుంతలు మేమే పూడ్చి, బకెట్లతో నీళ్ళు చల్లి, గోనెపట్టా ఈడ్చి చదును చేసి ఇవ్వాలి. వాళ్ళూ అంతే, రాత్రి వెళ్ళేటప్పుడు చదును చేసిపోయేవాళ్ళు. పొద్దున పరుగు పిల్లలకు దుమ్ము లేచేది కాదు. ఎవరూ ఎవరికీ చెప్పిన పని కాదిది. తర్వాతి పూటవాళ్ళ మోకాళ్ళు మన చేతుల్లో ఉన్నాయని సార్ ఒకసారి అన్నారు. మాకు ఆ ఒక్కసారే చాలు.

కబడ్డీ అన్నలు చెరువు కట్ట వైపు బస్తీల నుంచి వచ్చేవాళ్ళు. పాల వ్యాపారం చేసేవాళ్ళు కొందరు, మార్కెట్లో హమాలీలు కొందరు. పొద్దంతా బస్తాలు మోసి, సాయంత్రం వచ్చి కూతకు వెళ్ళేవాళ్ళు. ఆ ఊపిరి ఎక్కడి నుంచి వచ్చేదో! మేము గోడ మీద కూర్చుని చూస్తుంటే, "ఏం చెల్లె, పొద్దుగూకింది, ఇంటికి పోరా?" అని అడిగి, చీకటి పడితే సందు చివరి దాకా ఒకరు తోడు వచ్చేవాళ్ళు. ఆడపిల్లలం అంత ధైర్యంగా సాయంత్రాలు ఆడుకోగలిగామంటే ఆ అన్నల వల్లే. మా కాలనీలో చాలామంది తల్లిదండ్రులు మొదట వాళ్ళను చూసి భయపడి పిల్లల్ని పంపేవాళ్ళు కాదు. తర్వాత వాళ్ళున్నారన్న ధీమాతోనే పంపారు.

వాలీబాల్ క్లబ్బు గురించి నాకు తెలిసింది తక్కువ. ఒక్కటి మాత్రం గుర్తుంది. సర్వీసు ఉన్న జట్టుకే పాయింటు వచ్చే పాత పద్ధతి పోయి, ప్రతి ర్యాలీకి పాయింటు అన్న కొత్త రూలు వచ్చిన రోజుల్లో అక్కడ నెల రోజులు గొడవే గొడవ. 15 పాయింట్ల గేము కాస్తా 25 అయింది. పెద్దవాళ్ళు పాత లెక్కనే ఆడతామన్నారు, కుర్రాళ్ళు టోర్నమెంట్లలో కొత్త లెక్కే కదా అన్నారు. చివరికి ఆదివారం పొద్దున పాతది, మిగతా రోజులు కొత్తది అని రాజీ పడ్డారు. ఇన్నేళ్ళ తర్వాత తల్చుకుంటే ఆ రాజీ ఎంతో బాగుందనిపిస్తుంది.

మాకు టోర్నమెంట్లంటే రంగారెడ్డి జిల్లా. ఇది ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. మలక్‌పేట, చాదర్‌ఘాట్ పిల్లలది హైదరాబాద్ జిల్లా. నాలుగు బస్‌స్టాపులు దాటి ఇటు వస్తే మాది రంగారెడ్డి. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం వేరువేరు మునిసిపాలిటీలుగా ఉన్న కాలం అది. 1978లో హైదరాబాద్ జిల్లాను విడదీసినప్పుడు చుట్టూ ఉన్న పల్లెలూ, ఈ శివార్లూ రంగారెడ్డిలో పడ్డాయి. అందువల్ల లాల్ బహదూర్ స్టేడియానికి బస్సులో అరగంటలో వెళ్ళగలిగిన మేము జిల్లా సెలక్షన్లకు వికారాబాద్, తాండూరు, ఇబ్రహీంపట్నం, చేవెళ్ళ తిరిగాం. నాంపల్లి నుంచి పాసింజర్ రైల్లో వికారాబాద్ పోవడం ఎంత సంబరం! శంకర్‌పల్లి దాటాక ఇరువైపులా చేలు. పులిహోర పొట్లాలు. రాత్రి బడి గదుల్లో పడక. తాండూరులో నేలంతా నున్నటి నాపరాళ్ళు పరిచి ఉంటే, దుప్పటి వేసుకున్నా వీపు జివ్వుమనేది.

అక్కడ మాకు ఎదురుపడ్డ పల్లెటూరి జట్లు మమ్మల్ని చిత్తుగా ఓడించాయి. చేలల్లో పెరిగిన పిల్లలు, వాళ్ళ కాళ్ళకు అలుపు లేదు. "పట్నం పిల్లలు" అని మొదట నవ్వినవాళ్ళే ఆట అయ్యాక వచ్చి మా పోల్ డైవ్ నేర్పమని అడిగారు. వాళ్ళ దగ్గర మేము డాడ్జింగ్, అంటే ఒడుపుగా తప్పించుకోవడం, నేర్చుకున్నాం. హైదరాబాద్ జిల్లాలో ఉండి ఉంటే ఆ ఊళ్ళు, ఆ పిల్లలు నాకు తెలిసేవాళ్ళే కాదు. 2016లో జిల్లాలు మళ్ళీ విడిపోయాక వికారాబాద్ వేరే జిల్లా అయింది. ఇప్పుడు మా వైపు పిల్లలు ఆ రైలెక్కే పని లేదు.

2000 సెప్టెంబరులో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. శ్రీకాకుళం వైపు ఆడపిల్ల! మర్నాడు మా క్లబ్బు అమ్మాయిలందరం బరువుల గది గుమ్మం ముందు నిలబడ్డాం. అప్పటిదాకా అది మగపిల్లల గది, మేము లోపలికి తొంగి కూడా చూసేవాళ్ళం కాదు. అక్కడి పెద్దాయన ఒక్క క్షణం మావైపు చూసి, లోపలున్న కుర్రాళ్ళతో "అరె, జరగండి, చెల్లెండ్లు వచ్చిన్రు" అన్నారు. ఆ రోజు నుంచి వారంలో రెండు సాయంత్రాలు ఆ గది ఆడపిల్లలది. ఖాళీ రాడ్ ఎత్తడానికే చేతులు వణికాయి. మా జట్టులో ఒకామె ఆ తర్వాత ఖో-ఖో వదిలి బరువులే పట్టుకుంది.

ఆరు నెలలు తిరిగేసరికి, 2001 మార్చిలో, పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ టైటిల్ తెచ్చిన రెండో భారతీయుడు, మన ఊళ్ళో ఆడి పెరిగినవాడు. ఇక హాల్లో కాలు పెట్టే సందు లేదు. ఉన్న రెండు కోర్టులకు పిల్లలు గేటు దాకా వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఈకల కాక్ కొనలేక ప్లాస్టిక్ కాక్‌తోనే. తల్లులు గోడవారన స్వెట్టర్లు అల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. క్రికెట్ తప్ప మరో ఆట లేదనుకున్న మా కాలనీ నాన్నలు పిల్లల్ని సైకిళ్ళ మీద ఎక్కించుకుని రాకెట్ల కోసం దుకాణాలు తిరిగారు.

2002 డిసెంబరులో జాతీయ క్రీడలు మన నగరంలో జరిగాయి. సార్ మమ్మల్ని గచ్చిబౌలి తీసుకెళ్ళారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి, కోఠి నుంచి మెహిదీపట్నం, అక్కడ ఇంకో బస్సు. ఊరు అయిపోయి బండరాళ్ళు, తుమ్మచెట్లు మొదలయ్యాక, ఆ రాళ్ళ నడుమ అంత పెద్ద స్టేడియం! ఆ ఏడే మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. ఎర్రటి సింథటిక్ ట్రాక్ చూడటం మాకు అదే మొదటిసారి. గ్యాలరీలో కూర్చుని పరుగుపందేలు చూస్తూ, బూట్ల కింద ఆ నేల ఎలా ఉంటుందో అని గుసగుసలాడుకున్నాం. తిరుగు బస్సులో సార్ చాలాసేపు మాట్లాడలేదు. మెహిదీపట్నం వచ్చాక, "మీరు పుట్టేటాల్లకు ఇది ఉండాల్సింది" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి మేమంతా ఊరుకున్నాం.

దసరా సెలవుల్లో మా పూట ఆడవాళ్ళకు ఇచ్చేసేవాళ్ళం. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల బతుకమ్మ దాకా కాలనీ ఆడవాళ్ళు గ్రౌండ్‌లో బతుకమ్మ ఆడేవాళ్ళు. మేము గీసుకున్న సున్నం గీతలు వందల పాదాల కింద చెరిగిపోయేవి. తంగేడు, గునుగు పూల రేకులు మట్టిలో కలిసిపోయేవి. సద్దుల నాడు అందరూ చెరువుకు కదిలాక కబడ్డీ అన్నలు, మేము కలిసి గ్రౌండ్ ఊడ్చేవాళ్ళం. నా చిన్నతనంలో అన్నిటికంటే అందమైన రాత్రులు అవే.

2007లో మునిసిపాలిటీలన్నీ కలిసి గ్రేటర్ హైదరాబాద్ అయ్యాయి. అప్పటికి నేను ఉద్యోగంలో పడ్డాను. 2018లో మా రోడ్డు మీద మెట్రో వచ్చింది. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కాలనీలు మునిగినప్పుడు గ్రౌండ్ కూడా మునిగింది. నీళ్ళు తీశాక మిగిలిన బురదలో మా పోల్స్ రెండూ కుళ్ళిపోయి ఒరిగాయి. మరుసటి ఏడు పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. ఏప్రిల్‌లో అటు వెళ్తే మామిడి వాసన లేదు. బాల్ బ్యాడ్మింటన్ కోర్టు చోట ఇప్పుడు సిమెంటు పరిచి వ్యాయామ యంత్రాలు పెట్టారు. మంచిదే, పెద్దవయసు వాళ్ళు వాడుతున్నారు. అయినా ఊలు బంతి ఆట ఆడటానికి మా గ్రౌండ్‌లో ఇంకో కోర్టు లేకపోవడం నాకు బాధే. ఆడేవాళ్ళు తగ్గారు గనుక కోర్టు తీసేశామన్నారు. కోర్టు ఉంటేనే కదా ఆడేవాళ్ళు పుట్టేది!

కబడ్డీ మాత్రం నిలదొక్కుకుంది. 2014లో ప్రో కబడ్డీ మొదలై, తెలుగు టైటాన్స్ వచ్చాక, మట్టిలో ఆడిన అన్నల కొడుకులు మ్యాట్ మీద ఆడుతున్నారు. ఆ మ్యాట్ కొనడానికి పాత ఆటగాళ్ళే చందాలు వేసుకున్నారు. వాలీబాల్ ఆదివారం పూట ఇంకా నడుస్తోంది.

2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖో-ఖో ప్రపంచ కప్ జరిగింది. ఫైనల్లో మన అమ్మాయిలు నేపాల్‌ను 78–40 తేడాతో ఓడించారు. మా రోజుల్లో తొమ్మిది మంది, ఇక్కడ జట్టుకు ఏడుగురు, మెరిసే మ్యాట్, గ్యాలరీల నిండా జనం. మా పాత క్లబ్బు అమ్మాయిలం ఇప్పుడు ఒకరు నర్సు, ఒకరు టీచరు, ఒకరు కూరగాయల దుకాణం నడుపుతున్నారు, ఒకరు దుబాయిలో ఉన్నారు. ఆ సాయంత్రం ఎవరి ఇంట్లో వాళ్ళం టీవీ ముందు కూర్చుని ఫోన్‌లో ఒకరికొకరం అరుచుకున్నాం. పోల్ డైవ్ పడ్డ ప్రతిసారీ మోచెయ్యి తడుముకున్నాను. సార్‌కు ఫోన్ చేస్తే ఆయన చాలాసేపు ఏడ్చి, "చూసినవా బిడ్డా, కూసున్నోళ్ళు ఎట్ల కూసున్నరో" అన్నారు.

ఆ ఫోన్ తర్వాతే ఒక పని మొదలుపెట్టాం. గ్రౌండ్‌లో సాయంత్రం నాలుగున్నర పూట ఇప్పుడు ఖాళీగా ఉంది. కబడ్డీ వాళ్ళతో మాట్లాడాం. ఆరింటికి చదును చేసి ఇస్తామంటే వాళ్ళకు అభ్యంతరం లేదన్నారు. టేకు పోల్స్ రెండు చేయించాం. వడ్రంగి ఒకప్పటి మా కబడ్డీ అన్నే, కూలి తీసుకోలేదు. వచ్చే ఆదివారం పొద్దున పోల్స్ పాతుతున్నాం. మట్టి జల్లెడ పట్టాలి, రాళ్ళు ఏరాలి. ఆ క్లబ్బుల్లో ఆడినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రండి, పిల్లల్ని తీసుకురండి. జల్లెడలు రెండే ఉన్నాయి, మీ ఇంట్లో ఉంటే పట్టుకురండి. సార్ వస్తున్నారు. ఆయన మెట్లు దిగలేరు గనుక చెరువు వైపు చిన్న గేటు తెరిపిస్తున్నాం.